పండుగ మిగిలిన వీధి

పండుగ జాతికి జ్ఞాపకశక్తి వంటిదని పెద్దలు చెబుతారు. ఆ మాట నిజమే. కాని జ్ఞాపకశక్తి అన్నిటినీ సమానంగా దాచుకోదు. ఒకదానిని భద్రపరచి, మరొకదానిని తనకు తెలియకుండానే జారవిడుస్తుంది. ఒక జాతి సొంత గడ్డను విడిచి పరదేశంలో మూడు నాలుగు తరాలు గడిపిన పిమ్మట, దాని పండుగలో ఏది మిగిలింది, ఏది మాసిపోయింది అని పరిశీలిస్తే, సంస్కృతి అనేది ఒక తరం చేతినుండి మరొక తరం చేతికి ఎట్లా అందుతుందో కొంత బోధపడుతుంది. అటువంటి పరిశీలనకు న్యూయార్కు నగరంలో ఇటలీ సంతతివారు జరుపుకొనే శాన్ జెన్నారో ఉత్సవం మంచి ఉదాహరణ.

ప్రతి సంవత్సరమూ సెప్టెంబరు నెలలో 11 రోజులపాటు మన్‌హాటన్‌లోని మల్బెరీ వీధి వాహనాలు తిరగని వీధి అవుతుంది. ఈ వైపునుండి ఆ వైపుకు దీపతోరణాలు కడతారు. రెండు వైపులా అంగళ్లు వెలుస్తాయి. పెద్ద పెద్ద పెనాలమీద సాసేజీలూ, బుంగమిరపకాయలూ, ఉల్లిపాయలూ కలిపి వేయిస్తూ ఉంటే ఆ వాసన వీధి చివరివరకు వ్యాపిస్తుంది. పులిసిన పిండిముద్దలను నూనెలో వేయించి, పంచదార పొడి జల్లి, కాగితపు సంచులలో పోసి ఇస్తారు. వాటికి జెపోలే అని పేరు. గొట్టంవలె చుట్టి వేయించిన కరకరలాడే పొరలో తీయని రికోటా కూరిన కన్నోలీ అనే మిఠాయిని ఎవరు ఎక్కువ తినగలరో చూడడానికి పందాలు కూడా జరుగుతాయి. సెప్టెంబరు 19వ తేదీ ఆ మునీశ్వరుని దినం. ఆయన విగ్రహాన్ని బాజాభజంత్రీలతో ఊరేగిస్తారు. భక్తులు ముందుకు వచ్చి విగ్రహానికి కట్టిన పట్టీలకు డాలరు నోట్లు గుచ్చుతారు.

జెన్నారో క్రీస్తుశకం 305 ప్రాంతంలో, రోము చక్రవర్తి డయొక్లీషియన్ కాలంలో, మతంకోసం ప్రాణమిచ్చిన బిషప్పు. నేపుల్సు నగరానికి ఆయన ఇలవేల్పు వంటివాడు. అక్కడి ప్రధానాలయంలో సీసాలో భద్రపరచిన ఆయన రక్తం ఆ దినాన ద్రవిస్తుందని భక్తుల విశ్వాసం. అది ద్రవించకపోతే నగరానికి కీడు మూడుతుందని భయం. నేపుల్సునుండి వలసవచ్చినవారు 1926లో తొలిసారిగా మల్బెరీ వీధిలో ఈ ఉత్సవం చేశారు. నాడు ఒక్కరోజు ముచ్చటగా ఆరంభమైనది నేడు 11 రోజుల మహోత్సవం అయింది.

ఈ ఉత్సవంలో తెలుగువారికి ఆసక్తి కలిగించవలసిన అంశం ఒకటి ఉన్నది. తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియన్ అని చెప్పుకోవడం పరిపాటి. 15వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు నికొలో కాంటి ఆ మాట అన్నాడని చాలామంది అంటారు. అన్నవారు ఎవరైనా, పోలికకు ఆధారం ఒక్కటే: రెండూ అజంతమైన పలుకుబడి గల భాషలు. కాసా, వీనో, పానే అని వారు అంటారు. ఇల్లు, పాలు, కూర అని వీరు అంటారు. మాట చివర అచ్చు నిలిచి నాదం సాగుతుంది. పాటకు అనువైన పలుకు అని ఇద్దరికీ గర్వమే. అటువంటి భాష సముద్రాలు దాటి వెళ్లి ఏమైనదో తెలుసుకోవడం తెలుగు చెప్పేవారికీ, చదివేవారికీ అప్రస్తుతం కాజాలదు.

ఇటలీ ఒక దేశంగా ఏకమైనది 1861లో. ఏకమైన దేశంలో దక్షిణాదికి దక్కినవి పేదరికం, పన్నులు, భూమిలేని బ్రతుకు. 1880కీ 1924కీ మధ్య నలభై లక్షలకు పైగా జనం అమెరికాకు తరలిపోయారు. వారిలో అధికసంఖ్యాకులు నేపుల్సు, కలాబ్రియా, బసిలికాటా, సిసిలీ ప్రాంతాల రైతుకూలీలు. ఓడ ఎక్కిన నాటికి వారిలో చాలామంది తాము ఇటాలియనులమని అనుకొన్నవారు కారు. తమది ఫలానా ఊరు అని మాత్రమే వారెరుగుదురు. తన ఊరి గుడి గంట వినిపించినంత మేరే తన దేశమని భావించే ఈ స్వభావానికి వారి భాషలో కంపనిలీస్మో అని పేరే ఉన్నది. కంపనీలే అంటే గంటగోపురం. న్యూయార్కులో కూడా మల్బెరీ వీధిలో నేపుల్సువారు, దాని సమీపంలోని ఎలిజబెత్ వీధిలో సిసిలీవారు విడివిడిగా కాపురముండేవారు. ఏ ఊరివారి మునీశ్వరుడు ఆ ఊరివారికి ఉండేవాడు.

భాష సంగతి కూడా అంతే. దేశం ఏకమైన నాటికి ప్రామాణిక ఇటాలియన్ వచ్చినవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరని తుల్లియో దె మౌరో అనే భాషాశాస్త్రవేత్త 1963లో ప్రకటించిన గ్రంథంలో అంచనా కట్టాడు. తక్కినవారందరూ తమ తమ మాండలికాలే మాట్లాడేవారు. నేపుల్సువాని మాట ఉత్తరాదివానికి పూర్తిగా అందేది కాదు. అంటే అమెరికాలో దిగిన జనం చేతిలో ఉన్నది బడులలో చెప్పే ఇటాలియన్ కాదు. ఇంటిలో, పొలంలో, సంతలో నలిగిన పలుకు. దానికి గ్రంథాల అండ లేదు. పట్టణపు చదువరి దృష్టిలో గౌరవం లేదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకొంటే తరువాత జరిగినది అర్థమవుతుంది.

ఇక తిండి. వారు ఇటలీనుండి ఇంతటి భోజన వైభవాన్ని మూటగట్టుకొని తెచ్చారని అనుకోవడం పొరపాటు. దక్షిణాది కూలీకి మాంసం ఏ పెళ్లినాడో, పండుగనాడో తప్ప దొరికేది కాదు. వారు వెంట తెచ్చుకొన్నది ఆకలి. ఆ ఆకలితో పాటు పండుగనాటి భోజనాన్ని గురించిన కల. అమెరికాలో కూలి గిట్టింది, మాంసం చవకగా దొరికింది. స్వదేశంలో ఏడాదికి రెండు మూడుసార్లు తిన్నది ఇక్కడ ఆదివారం ఆదివారం బల్లమీదికి వచ్చింది. స్పగెట్టిమీద పెద్ద పెద్ద మాంసపు ఉండలు పెట్టి వడ్డించే వంటకం లోకానికి ఇటాలియన్ వంటగా తెలుసు. నిజానికి ఆ రూపంలో అది అమెరికా గడ్డమీద పుట్టినది. కాబట్టి మల్బెరీ వీధిలో పెనాలమీద చిటపటలాడే సాసేజీని కేవలం తిండిపోతుతనానికి గుర్తుగా చూడడం తగదు. పస్తులున్న తాతలు నిండిన బల్లను చూచి పొందిన తృప్తికి అది వారసత్వం.

ఈ ఉత్సవాన్ని వ్యాపారమనీ, రోడ్డుమీద సంత అనీ ఈసడించేవారు లేకపోలేదు. వారి మాటలో కొంత నిజమున్నది. అయితే ఆ వీధి పండుగకు వెనుక ఉన్న అవమానాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది. 1891లో న్యూ ఆర్లియన్సు నగరంలో ఒక మూక జైలుమీద పడి 11 మంది ఇటాలియనులను చంపివేసింది. న్యూయార్కులో సైతం ఇతర సంతతుల పెత్తనంలో ఉన్న కొన్ని చర్చిలలో ఈ కొత్తవారిని పై అంతస్తులోకి రానీయక, నేలమాళిగలో ప్రార్థనలు చేసుకొమ్మన్నారు. తూర్పు హార్లెమ్‌లో కార్మెల్ మాత ఆలయంలో ఏళ్ల తరబడి జరిగినది ఇదే. గుడి లోపల నేలమాళిగ దక్కినవారికి గుడి వెలుపల వీధి దక్కింది. ఏడాదికొకసారి తమ దేవతను భుజాలమీద పెట్టుకొని, తమ బాజాలతో, తమ పాటతో, తాము అద్దెకుండే ఇళ్ల నడుమ నడిచిన ఆ నాలుగడుగుల నేలమీద వారిని చిన్నచూపు చూడగలవాడు లేడు. పండుగ వారికి మొట్టమొదట తల ఎత్తుకొని నిలిచే చోటు అయింది. దానిని తేలిక చేసి మాట్లాడడం చరిత్ర తెలియనివారి పని.

పండుగ ఏమి అందించగలదో తెలియాలంటే బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ పేట వైపు కూడా ఒకసారి చూడాలి. నేపుల్సుకు దగ్గరలోని నోలా పట్టణంనుండి వచ్చినవారు 1903నుండి అక్కడ జూలైలో జిల్యో ఉత్సవం చేస్తున్నారు. జిల్యో అంటే లిల్లీ పువ్వు. ఒక విధవరాలి కొడుకును దాస్యంనుండి విడిపించడానికి నోలా బిషప్పు పాలినస్ తానే బానిసగా వెళ్లాడని, ఆయన తిరిగివచ్చిన దినాన ఊరి జనం లిల్లీ పూలతో ఎదురేగారని కథ. ఆ పూలగుత్తులే కాలక్రమాన గోపురంగా పెరిగాయి. ఇప్పుడు లేపే గోపురం సుమారు 80 అడుగుల ఎత్తు. బరువు టన్నులలో ఉంటుంది. దాని అడుగున వేదికమీద వాద్యబృందం, గాయకుడు కూర్చుంటారు. వందకు పైగా మగవారు భుజం పట్టి, నాయకుడు కేక వేయగానే ఒక్కసారిగా ఎత్తి, పాట నడకకు అడుగు కలిపి దానిని ఆడిస్తారు. తెలుగునాట తేరు లాగడం చూచినవారికి ఆ ఉత్సాహం వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. తేరుకు చక్రాలున్నాయి, జిల్యోకు మనుషుల భుజాలే చక్రాలు, భేదం అంతే. నోలాలో జరిగే మాతృక ఉత్సవాన్ని, ఇటలీలోని మరికొన్ని అటువంటి ఉత్సవాలతో పాటు, 2013లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

అక్కడ తండ్రి భుజం పెట్టిన చోట కొడుకు భుజం పెడతాడు. పేట విడిచి దూరాన ఇళ్లు కట్టుకొన్నవారు సైతం ఆ రోజుకు తిరిగి వస్తారు. ఎట్లా లేపాలి, ఎట్లా దింపాలి, ఏ కేకకు ఎన్ని అడుగులు వేయాలి అనే విద్య పుస్తకం లేకుండానే 120 ఏళ్లుగా సాగివస్తున్నది. చేతితో, భుజంతో, అడుగుతో చేసేదానిని పండుగ చక్కగా అందించగలదు. సంవత్సరానికి ఒకసారి చేసినా ఆ పని మరుపునకు రాదు.

పాట విషయం సగం సగం. నేపుల్సులో 1898లో పుట్టిన ఓ సోలే మియో అనే పాట తెలియని సంగీతప్రియుడు ఐరోపాలోగాని అమెరికాలోగాని అరుదు. నేపుల్సువాడే అయిన మహాగాయకుడు ఎన్రికో కరూసో 1903నుండి 1920వరకు న్యూయార్కు మెట్రోపాలిటన్ నాటకశాలలో పాడాడు. ఈ పాటను గ్రామఫోను రికార్డుగా కూడా ఇచ్చాడు. 1960లో ఎల్విస్ ప్రెస్లీ అదే బాణీకి ఇంగ్లీషు మాటలు కూర్చిన పాట పాడగా అది దేశదేశాలా మారుమ్రోగింది. బాణీ బ్రతికింది; మాట మారిపోయింది. ఆ బాణీని ఈలవేసే కుర్రవానికి దాని మూలం నేపుల్సు పలుకు అని తెలియవలసిన అవసరమే లేకపోయింది. రాగానికి ఎల్లలు లేవని సంతోషించవలసినదే. కాని రాగం దాటిన ఎల్లను మాట దాటలేకపోయిందని కూడా అదే సందర్భంలో గమనించాలి.

ఇక పలుకు. అమెరికాలో 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో తమ పూర్వులు ఇటలీవారని చెప్పుకొన్నవారు ఒక కోటి 57 లక్షలు. ఇంటిలో ఇటాలియన్ మాట్లాడుతున్నామని చెప్పినవారు సుమారు 10 లక్షలు. 2011 నాటికి ఈ రెండవ సంఖ్య 7 లక్షల చిల్లరకు దిగింది. పూర్వుల పేరు చెప్పుకోవడంలో గర్వం పెరిగింది; పూర్వుల మాట చెప్పడంలో శక్తి తగ్గింది. మల్బెరీ వీధిలో అంగడివాని కేకలు, బేరాలు, పందాల ప్రకటనలు అన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి.

వంటకాల పేర్లు మాత్రం కొన్ని మిగిలాయి. వాటి తీరు భాషాభిమానులను ఆలోచింపజేస్తుంది. కపొకోల్లో అనే మాంసవిశేషాన్ని న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాల ఇటాలియన్ సంతతివారు గబగూల్ అంటారు. రికోటా వారి నోట రిగోట్ అయింది. మొజరెల్లా ముట్సరెల్ అయింది. ఇది అజ్ఞానంవల్ల పుట్టిన అపభ్రంశమని నవ్వేవారున్నారు. అది న్యాయం కాదు. దక్షిణాది మాండలికాలలో పదాంతపు అచ్చు ముందే సన్నగిలి వినీవినపడనట్లు ఉండేది. కకారం గకారంగా పలికేది. తాతలు పలికిన ఆ సన్నని అచ్చు ఇంగ్లీషు వినికిడికి అలవాటుపడిన మనుమల చెవికి బొత్తిగా వినిపించలేదు. నూరేళ్లనాటి పల్లెపలుకు ముక్క ఒకటి మిఠాయి కొట్టులోనూ మాంసపు కొట్టులోనూ నిలిచిపోయింది. కాని ఏ అచ్చులను చూచి ఆ భాషను తెలుగుతో పోల్చారో ఆ అచ్చులే ముందుగా రాలిపోయాయి. ఆ మాటలతో కూర అడగవచ్చును. కథ చెప్పడానికి, కష్టం చెప్పుకోవడానికి అవి చాలవు.

ఈ నష్టం దానంతట అదే జరిగిందనుకోరాదు. అందులో యుద్ధానికి భాగమున్నది. 1941 డిసెంబరులో ఇటలీ అమెరికాలు శత్రుపక్షాలైనప్పుడు, పౌరసత్వం తీసుకోని ఇటాలియనులు సుమారు ఆరు లక్షలమంది శత్రుదేశీయులుగా పరిగణింపబడ్డారు. వారి రాకపోకలమీద ఆంక్షలు వచ్చాయి. శత్రువుల భాషలో మాట్లాడరాదని, అమెరికన్ భాషనే మాట్లాడాలని హెచ్చరించే గోడపత్రికలు వెలిశాయి. 1942 అక్టోబరులో ఆ ముద్ర తొలగించారు గాని, ఆ భయం ఇళ్లలోంచి అంత త్వరగా తొలగలేదు. కొడుకులు ఆ దేశపు సైన్యంలో పోరాడుతూ ఉండగా, తల్లి మాట మాత్రం అనుమానాస్పదమైంది. అటువంటి ఇంటిలో పిల్లవాడు ఏ భాషను ఎన్నుకొంటాడో చెప్పనక్కరలేదు.

యుద్ధం కంటె ముందునుంచీ, యుద్ధం కంటె మెత్తగా, బడి ఆ పని చేసింది. ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగిన జీవితం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. బసిలికాటాలోని అవిల్యానో అనే ఊరిలో 1887లో పుట్టిన లెనర్డ్ కొవెల్లో చిన్ననాడే తల్లితో కలిసి న్యూయార్కు చేరాడు. అసలు ఇంటిపేరు కొవియెల్లో. పలకడానికి తేలికగా ఉంటుందని బడిలో ఉపాధ్యాయురాలు ఆ పేరును కుదించి కొవెల్లో అని రాసింది. ఆమెకు దురుద్దేశం లేదు. ఒక్క అచ్చు తగ్గితే ఏమి పోయిందని ఆమె భావం. ఇంటికి వచ్చిన కాగితంమీద మారిన పేరు చూచి తల్లిదండ్రులు కలతపడ్డారు. మనిషి పేరు మార్చే హక్కు ఎవరికున్నదని తల్లి బాధపడింది. పిల్లవానికి మాత్రం అప్పుడు ఆ బాధ పట్టలేదు. తల్లిదండ్రులకు అమెరికా సంగతులు తెలియవనుకొన్నాడు. 1958లో వెలువడిన ఆత్మకథలో ఆయన ఆ సంగతి తానే చెప్పుకొన్నాడు.

ఆ పిల్లవాడే పెద్దవాడై ఉపాధ్యాయుడయ్యాడు. ఇటలీ పిల్లలు బడికి వచ్చేసరికి తమ ఇంటి పేరు, ఇంటి తిండి, తల్లి యాస చూచి సిగ్గుపడడం ఆయన గమనించాడు. తాను చేసిన పొరపాటు వేలమంది చేత బడి చేయిస్తున్నదని గ్రహించాడు. న్యూయార్కు ఉన్నత పాఠశాలల్లో ఫ్రెంచి వంటి భాషలకున్న స్థానం ఇటాలియన్‌కు లేదు. ఆయన, ఆయన మిత్రులు ఆ స్థానంకోసం ఏళ్ల తరబడి పనిచేశారు. తల్లిదండ్రుల సభలలో మాట్లాడారు, అధికారులను ఒప్పించారు. 1922లో ఇటాలియన్‌కు సమానస్థాయి లభించింది. 1934లో తూర్పు హార్లెమ్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాల ఏర్పడగా దానికి ప్రధానోపాధ్యాయుడై, 1956వరకు ఆ పదవిలో ఉండి, బడి పేటకు, పేట బడికి చెందేటట్లు చేయడానికి పాటుపడ్డాడు. ఇంగ్లీషు మానుమని ఆయన ఎన్నడూ అనలేదు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి తల్లిని చూచి సిగ్గుపడవలసిన అవసరం లేదని మాత్రమే అన్నాడు. ఒక కొత్త భాష నేర్పడానికి పాత భాషను అవమానించడం చదువు చెప్పడం కాదని ఆయన బ్రతుకు చెప్పే పాఠం.

ఆయన ప్రయత్నం ఫలించలేదా అని అడగవచ్చును. ఫలించింది, కాని ఆలస్యంగా ఫలించింది. బడి తలుపు తెరిచేసరికి చాలా ఇళ్లలో తలుపు మూతపడింది. పైగా బడి చెప్పినది ప్రామాణిక భాష. అమ్మమ్మ మాట్లాడినది మాండలికం. బడిలో మార్కులు వచ్చిన పిల్లవాడు ఇంటికి వచ్చి అమ్మమ్మ పలుకును తప్పులతడక అనుకొనే ప్రమాదం కూడా ఏర్పడింది. మాండలికాన్ని తప్పు అన్ననాడు పిల్లవాడు ప్రామాణిక భాష వైపు రాడు. రెండిటినీ వదిలి మూడవదాని వైపు పోతాడు. తెలుగు చెప్పే ఉపాధ్యాయులు ఈ మాటను ఒకటికి రెండుసార్లు తలచుకోవలసి ఉన్నది.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. భాష పోతేనేమి, వారు చదువుకొన్నారు, సంపన్నులయ్యారు, న్యాయమూర్తులూ మంత్రులూ అయ్యారు. పండుగనాడు తాతలను తలచుకొంటున్నారు. అంతకంటె కావలసినదేమని కొందరంటారు. హెర్బర్ట్ గాన్స్ అనే సమాజశాస్త్రజ్ఞుడు 1979లో దీనికి ప్రతీకాత్మకమైన జాతీయత అని పేరు పెట్టాడు. బరువు మోయకుండా, తీరికగా, ఇష్టమైనప్పుడు ధరించే జాతీయత అని దాని తాత్పర్యం. ఇందులో తప్పు పట్టవలసినది కొంచెమే. మనుమలను తాతల ఊరి గంటగోపురానికి కట్టివేయాలని వివేకవంతులెవ్వరూ కోరరు. అయితే ఇష్టమని చెప్పాలంటే రెండు దారులూ ఎదుట ఉండాలి. అమ్మమ్మ పెట్టెలో దొరికిన ఉత్తరాన్ని చదవలేని మనుమడు ఆ ఉత్తరాన్ని వద్దనుకొన్నవాడు కాడు. అది అతనికి అందనేలేదు. అందనిదానిని వదులుకోవడం స్వేచ్ఛ అనిపించుకోదు.

ఎలిజబెత్ వీధిలో పెరిగిన చలనచిత్ర దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ 1974లో తన తల్లిదండ్రులను ఇంటిలో కూర్చోబెట్టి, వారి మాటలనే ఇటాలియనమెరికన్ అనే చిన్న చిత్రంగా తీశాడు. వారు సిసిలీ సంతతివారు. మాటలు మాత్రం ఇంగ్లీషులో సాగుతాయి. చిత్రం చివర తల్లి చేసే వంటకం ఎట్లా చేయాలో తెరమీద వ్రాసి చూపారు. ఎంతో ముచ్చటైన ముగింపు అది. కాని దానిలో ఒక సత్యమున్నది. వంట అనువాదానికి లొంగుతుంది. ఎన్ని ఉల్లిపాయలు, ఎంత నూనె, ఎంతసేపు మంట అని ఏ భాషలో చెప్పినా కూర కూరగానే వస్తుంది. సామెత అట్లా రాదు. జోలపాట అట్లా రాదు. తల్లి విసుక్కొని అన్న మాటలోని ప్రేమ అట్లా రాదు. అందుకే పరదేశంలో తిండి నాలుగు తరాలు నిలుస్తుంది, బాణీ మూడు తరాలు నిలుస్తుంది, పలుకు రెండు తరాలలో అలసిపోతుంది.

మల్బెరీ వీధి ప్రస్తుతస్థితిని చెప్పుకొంటే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. 1950లో ఆ పేటలో ఉన్న పదివేలమందిలో సగానికి దగ్గరగా ఇటలీ సంతతివారే. 2010 నాటి జనగణన సంస్థ అంచనాలలో ఆ పేటలో నివసించేవారిలో ఇటలీలో పుట్టినవాడు ఒక్కడూ కనిపించలేదు. అదే సంవత్సరం పొరుగున ఉన్న చైనా పేటతో కలిపి ఆ ప్రాంతాన్ని చారిత్రక ప్రదేశంగా జాతీయ పట్టికలో చేర్చారు. మనుషులు వెళ్లిపోయిన తరువాత వీధికి చారిత్రక గౌరవం దక్కింది. పండుగ మాత్రం ఏటేటా జరుగుతున్నది. పండుగ చేసేవారు దూరాలనుండి బండ్లమీద వచ్చి, తిని, పాడి, రాత్రికి తిరిగి ఎవరి ఊళ్లకు వారు పోతున్నారు.

ఈ కథ తెలుగువారికి ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా మారిషస్ వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ రామభజన చేస్తున్నది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. అక్కడి బడులలో తెలుగు చెబుతున్నారు. అయినా వారిలో అత్యధికుల ఇంటి భాష క్రియోల్. అమెరికాలో తెలుగువారి సంఘం తానా 1977లో ఏర్పడింది. దాని మహాసభలలోనూ, ఇతర సంఘాల ఉత్సవాలలోనూ విందుకు, సంగీతానికి, నాట్యానికి లోటుండదు. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి వంటి ప్రయత్నాలు కూడా అక్కడ ఆరంభమైనాయి. అవి ఎంతయినా హర్షింపదగినవి. ఇటలీవారు రెండు తరాల తరువాత మేలుకొన్న సంగతికి వీరు మొదటి తరంలోనే మేలుకొన్నారు. అది చిన్న విషయం కాదు.

అంత దూరం పోనక్కరలేదు. తెలుగునాట నగరాలలోనే బొబ్బట్లు, పులిహోర, జొన్నరొట్టె, సకినాలు పెట్టి వారసత్వ ఉత్సవాలు జరుగుతున్నాయి. వచ్చిన పిల్లలు ఆప్యాయంగా తింటున్నారు. తిన్నదాని పేరు తెలుగులో రాయమంటే వారిలో ఎందరు రాయగలరో ఆ పిల్లల ఉపాధ్యాయులకు బాగా తెలుసు. తెలుగులో మాట్లాడినందుకు పిల్లలను మందలించే బడులు కూడా లేకపోలేదు. కొవియెల్లో పేరునుండి ఒక్క అచ్చు తీసివేసిన ఉపాధ్యాయురాలివలెనే వారికీ దురుద్దేశం ఉండదు. పిల్లల మేలు కోరే ఆ పని చేస్తున్నామని అనుకొంటారు. న్యూయార్కులో ఆ పని పరదేశపు బడి చేసింది. ఇక్కడ సొంత గడ్డమీది బడి చేస్తున్నది. భేదం అంతమాత్రమే.

ఆ పండుగలు మానుమని ఎవరూ అనరాదు. నేలమాళిగలోంచి జనాన్ని వీధిలోకి తెచ్చి నిలిపినది పండుగే. నూరేళ్లు గడిచినా, అంగళ్లు మారినా, మనుషులు మారినా, ఒక విగ్రహం వెనుక నాలుగు తరాలను నడిపిస్తున్నది పండుగే. కాని పండుగమీద అది మోయలేని బరువు పెట్టరాదు. వంటను అది మోయగలదు, బాణీని మోయగలదు, జిల్యో గోపురాన్ని మోయగలదు. భాషను మోయవలసినవి ఇల్లు, బడి. ఒక పల్లెనుండి వచ్చిన విద్యార్థి తన అవ్వ వాడే మాట ఒకటి తరగతిలో అన్నప్పుడు, తక్కిన పిల్లలు నవ్వబోతే, ఉపాధ్యాయుడు ఆ మాటను నల్లబల్లమీద రాసి, ఇది ఏ సీమ పలుకు, దీనికి సాటి మాటలు ఇంకెక్కడ ఉన్నాయి అని అడిగితే చాలును. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికి వెళ్లి అవ్వను మరొక మాట అడుగుతాడు.

శాన్ జెన్నారో పండుగకు 11 రోజులు చాలును. తక్కిన 354 రోజులూ పలుకువి. వాటిని ఎట్లా గడుపుతున్నారన్నదానిమీదనే, రేపు పండుగనాడు పిల్లలు తినేది తాతల తిండి మాత్రమేనా, తాతలతో రెండు మాటలు కూడా మాట్లాడగలుగుతారా అన్నది ఆధారపడి ఉంటుంది.